ఇరుగుపొరుగు - ఆపద

తుపాను రానున్నదని తెలియుటకును, తుపానునుండి తప్పించుకొనుటకును నడుమ కొంత దూరము కలదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములు ఆ దూరమును కొలువజాలవు. గాలివాన ఏ తీరమున ఏ వేళకు తాకునో వాతావరణశాఖవారు నేడు మూడునాలుగు దినములు ముందుగానే చాలవరకు సరిగా చెప్పగలుగుచున్నారు. ఆ మాట ఢిల్లీనుండి రాష్ట్ర రాజధానికి, అచ్చటినుండి జిల్లా కలెక్టరునకు, కలెక్టరునుండి మండలమునకు, మండలమునుండి గ్రామసచివాలయమునకు నిమిషములలో చేరుచున్నది. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని సచివాలయమునుండి ఊరిచివరి పాకలో ఒంటిగా నున్న ముసలమ్మ చెవికి చేరవలసిన తుదిమెట్టు తీగలమీద నడచునది కాదు. ఆమెకు చెవుడని, కొడుకు కూలికై హైదరాబాదు పోయినాడని, రాత్రివేళ కన్ను కనిపించదని యెరిగిన మనుష్యుడొకడు లేచిపోయి ఆమె చేయి పట్టుకొనవలెను. ఆ మనుష్యుడు కలెక్టరు కాడు, పోలీసు కాడు, జాతీయ విపత్తు దళమువాడు కాడు, పొరుగువాడు. ఆతనిని గూర్చి నేడు నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

మన తీరమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1839లో కోరంగి, 1864 నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణము ఉప్పెనపాలైనవి. బందరులోను పరిసరములలోను ఆ రాత్రి ముప్పదివేలమంది మృతులైరని చరిత్ర చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను చూచినవారు నేటికిని మనమధ్య నున్నారు. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో పల్లెకు పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. సొర్లగొంది పేరు చెప్పిన నేటికిని ఆ సీమలో మాట ఆగిపోవును. పదివేలకు తక్కువ కాకుండ జనులు నశించిరి. పశువులకు లెక్కయే లేదు. నాడు సముద్రమున తుపాను రేగినదను వార్త లేకపోలేదు. వార్త యున్నది, దానిని విని కదలవలసిన సంఘము లేదు. కదలినను తలదాచుకొన గట్టిభవనము లేదు. ఇంటిని మించిన యెత్తున నీరు వచ్చుననిన నమ్మువారును లేరు.

పదమూడేండ్లు గడచినవి. 1990 మే 9వ తేదీన అంతటి బలవత్తరమైన తుపానే, దాదాపు అదే కృష్ణా సముద్రసంగమ ప్రాంతమున తీరము దాటెను. ఆరు లక్షలకు మించిన జనమును ముందుగా తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోబడియుండెను. అదియు చిన్నసంఖ్య యని మేమనము. ఒక్కొక్క ప్రాణమును ఒక్కొక్క యింటి దీపమే. ఐనను పదివేలకును వేయికిని గల తారతమ్యము ఎట్లు కలిగెనని విచారింపవలసి యున్నది. ఆశ్రయభవనములు కట్టిరి, నిజమే. హెచ్చరిక యంత్రాంగము మెరుగైనది, నిజమే. వీనికి తోడు, 1977ను కన్నులార చూచినవారు ప్రతి వీధిలోను ఉండుటచేత, లెండని పొరుగువారిని తట్టిలేపుటకు ఏ యధికారియు నవసరము లేకపోయెనని మా దృఢవిశ్వాసము. ఆ జ్ఞాపకము ఆశ్రయభవనమువలెనే ప్రాణరక్షకమయ్యెను. కాని జ్ఞాపకమునకు వయస్సు మీరును. 1996 నవంబరు 6వ తేది రాత్రి తుపాను గోదావరి మండలమున కోనసీమను కొబ్బరితోటలతో సహా పెకలించినపుడు వేయిమందికి పైగా మృతులైరి. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి పల్లెలనుండి వేటకు పోయిన మత్స్యకారులనేకులు తిరిగి రానేలేదు. నడిసముద్రమున నున్నవానికి పొరుగువాడెవడు?

ఇట్టి విషయములలో పరదేశముల యనుభవమును చూచుట మనకు చిన్నతనము కాదు. 1995 జనవరి 17వ తేదీన తెల్లవారుజామున జపానుదేశమున కోబే నగరమును భూకంపము కుదిపివేసెను. ఆరువేల నాలుగువందల ముప్పదినలుగురు మరణించిరి. జపాను ధనమునకు గాని, యంత్రములకు గాని, శాస్త్రజ్ఞానమునకు గాని కొరతగల దేశము కాదు. ఐనను తొలిగంటలలో రోడ్లు చీలినవి, నీటిగొట్టములు పగిలినవి, అగ్నిమాపక దళములు చేరజాలవయ్యెను. కూలిన యిండ్లక్రిందినుండి బయటికి తీయబడినవారిలో నూటికి డెబ్బదియైదుగురకు పైగా ఇరుగుపొరుగువారి చేతులమీదుగనే బ్రదికిరని అచ్చటి పండితుల యంచనా. వారి యాయుధములు గడ్డపార, రంపము, మోటారుకారు చక్రము మార్చు సమయమున ఎత్తు జాకీ. ఇంతకంటె నేమియు లేవు.

ఆ భూకంపపు నాభికి చేరువనే అవాజి యను ద్వీపము కలదు. దానిలో హొకుదాన్ అను చిన్న ఊరు. ఇండ్లు అచ్చటను కూలినవి, జనులు అచ్చటను శిథిలముల క్రింద చిక్కిరి. కాని ఆ సాయంకాలమునకు ముందే చిక్కుకొన్నవారందరి లెక్కయు తేలెను. ఏల? ఆ యూరి అగ్నిమాపక స్వచ్ఛందసేవకులు ఆ యూరివారే. ఏ యింట ముసలివారు ఏ మూలగదిలో నిద్రింతురో వారికి తెలియును. కూలిన యింటిలో ఎచ్చట త్రవ్వవలయునో చెప్పుటకు వారికి యంత్రము వలసినది కాదు. పెద్దనగరమున ఇంటిలో నెందరున్నారో యన్నదే సంశయము కాగా, చిన్న ఊరిలో పడకమంచ మెచ్చట నున్నదో కూడ తెలిసియుండుట చావుబ్రదుకుల భేదమయ్యెను. ఒకరి యింటి సంగతి మరియొకరికి తెలియుటను మనవారు కొందరు పల్లెటూరి అనాగరికతగా నవ్వుచుందురు. నవ్వుటకు ముందు హొకుదానును తలంపవలయును.

అదే 1995 జూలై మాసమున అమెరికాలో చికాగో నగరమున వడగాలి వీచినది. ఏడువందల ముప్పదితొమ్మిదిమంది యధికముగా మరణించిరని తరువాత గణించిరి. అనేకులు ఒంటరి గదులలో, కిటికీలు బిగించుకొని, ఎవ్వరికిని తెలియకయే మరణించిరి. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఈ విషయమును పరిశోధించి 2002లో గ్రంథము ప్రకటించెను. ప్రక్కప్రక్కనున్న రెండు పేటలను ఆయన తీసికొనెను. రెండును పేదవే; రెంటను ఒంటరి వృద్ధులు సమానముగనే యుండిరి. ఒక పేటలో అంగళ్లు మూతబడి, వీధులు శూన్యమై, జనులు బయటికి వచ్చుటకు భయపడుచుండిరి. రెండవదానిలో అంగళ్లు, సందడి, గుడిముంగిట మన రచ్చబండవలె నలుగురు చేరుచోట్లు నుండెను. మరణముల నిష్పత్తి మొదటిదానితో పోల్చిన రెండవదానిలో సుమారు పదవవంతు మాత్రమే. ఈ సంగతి మనకు దూరదేశపు ముచ్చట కాదు. 2015 మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెంటను వడదెబ్బ వేయిమందికి పైగా కబళించినది. వడగాలి ఉప్పెనవలె గర్జింపదు, ఇంటికప్పు లేపుకొనిపోదు. మధ్యాహ్నము మూడుగంటలకు ప్రక్కయింటి తాతకు మంచినీళ్లిచ్చినవారున్నారా యని తొంగిచూచు మనుష్యుడు లేకపోవుటయే దాని బలము.

మా పూర్వులు ఈ ధర్మమును కేవలము దయాదాక్షిణ్యములకు విడిచిపెట్టలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో నగరపాలకుని విధులు చెప్పుచోట, ప్రతి గృహస్థుడును నీటికుండలు, దోనె, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా నుంచుకొనవలయునని, ఉంచుకొననివానికి దండనమని విధించినాడు. అంతటితో నిలువలేదు. ఇల్లు తగులబడుచుండగా పరుగెత్తుకొని రాని గృహయజమానికి పండ్రెండు పణములు, అద్దెకున్నవానికి ఆరు పణములు జరిమానా యనినాడు. వర్షకాలమున నదీతీర గ్రామములవారు వరదయంచు విడిచి నివసింపవలెననియు, పలకలు, వెదుళ్లు, పడవలు సేకరించుకొనవలెననియు, నీటిలో కొట్టుకొనిపోవువానిని సొరకాయబుర్రలు, తోలుతిత్తులు, దుంగలు, త్రాళ్లు మొదలగువానితో రక్షింపవలెననియు చెప్పి, తెప్పలేనివారిని మాత్రము మినహాయించి, అడుగిడనివారికి మరల పండ్రెండు పణములు విధించినాడు. కౌటిల్యుని దండనీతినంతటిని మేము సమర్థించువారము కాము. కాని అద్దెకున్నవానిని ఆతడు విడిచిపెట్టలేదను సంగతిని గమనింపుడు. నేటి పట్టణములలో అద్దెయిండ్లవారు జనాభాలో గొప్పభాగము. 'మేమీ వీధివారము కాము, రేపు వేరొకచోటికి పోవువారము' అని తమలో తామనుకొందురు. వీధివారును వారిని గూర్చి అటులనే తలంతురు. సగము జరిమానా వేసినను, కౌటిల్యుడు వారినిద్దరిని ఒక వీధివారినిగనే లెక్కించినాడు.

నేటి పట్టణవాసమును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు మాకు కొంత కష్టముగా నున్నది. అపార్టుమెంటులో నలుబది కాపురములుండును. వాట్సాపులో వారందరికొక బృందముండును. ఉదయమున లేచినది మొదలు అందు శుభోదయ పుష్పములు, పండుగ శుభాకాంక్షలు వెల్లువెత్తును. నాల్గవ యంతస్తులో ఒకరికి వారమునకు రెండుమారులు రక్తశుద్ధి చేయింపవలెనని, రెండవ యంతస్తులో ఇన్సులిను శీతలపేటికలో లేనిదే గడవదని, కరెంటు పోయి లిఫ్టు నిలిచిన మెట్లు దిగలేనివారు ముగ్గురున్నారని ఆ నలుబదిమందిలో నలుగురకు తెలిసిన అది గొప్ప. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినపుడు కరెంటుస్తంభములతోబాటు సెల్‌ఫోను గోపురములును మూగవోయినవి. దినముల తరబడి చీకటి. అప్పుడు చేతిలోని ఫోను ఇటుకముక్కతో సమానము. ప్రక్కతలుపు తట్టుటయే వార్తావహనము. ముందెన్నడును తట్టని తలుపును చీకటిలో తొలిసారి తట్టుట ఎంత సంకోచముతో కూడిన పనియో పాఠకులే యూహింపగలరు.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు గట్లు తెంచుకొని విజయవాడలో సింగునగరమును, పరిసరములగు పేటలను ముంచివైచెను. మరునాడు ప్రకాశము ఆనకట్టవద్ద కృష్ణ పదకొండు లక్షల నలుబది వేల క్యూసెక్కులకు పైగా ప్రవహించినది. సైన్యము, నౌకాదళము, జాతీయదళములు వచ్చినవి. పడవలు, హెలికాప్టర్లు, తుదకు డ్రోనులు కూడ ఆహారపు పొట్లములు మోసినవి. వారి శ్రమను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని సహాయము పెద్దరోడ్డువరకు సులభముగా వచ్చినది. లోపలి సందులకు, మూడవ నాలుగవ వరుసలకు పోవుట దుర్ఘటమైనది. పై యంతస్తులలో చిక్కినవారు పాలకును మంచినీటికిని అలమటించిరి. అచ్చట మేడమీదివారు క్రిందివారిని తమ యింటికి చేర్చుకొన్న చోట్ల కడుపులు నిండినవి. పొట్లములు పంచుటకు వచ్చినవానికి 'ఆ సందులో పసిబిడ్డ కలదు, ముందచ్చటికి పొండు' అని చెప్పగలవాడున్నచోట పాలు ముందుగా చేరినవి. చెప్పువాడు లేనిచోట బలిష్ఠులు ముందుకు తోసికొనివచ్చి తీసికొనిరి. పంపిణీ యన్నది బియ్యపుబస్తాల సమస్య కాదు. ఎవ్వరికేమి వలయునో తెలిసిన మనుష్యుల సమస్య. 2018లో కేరళము మునిగినపుడు పిలువకయే తమ పడవలను లారీలమీద నెక్కించుకొని వేలాది మత్స్యకారులు లోతట్టు పట్టణములకు పోయి జనులను రక్షించినమాట నిజమే. ఐనను వారికిని 'ఈ యింటి పైకప్పుమీద మనుష్యులున్నారు' అని చూపించు స్థానికుడు వలసియుండెను.

ఇక చేదుమాటకు వచ్చుచున్నాము. ఇరుగుపొరుగుల ఐకమత్యమన్నది సర్వత్ర శుభమే యని యెవ్వరైన భ్రమించిన, 1923 సెప్టెంబరు 1వ తేది తోకియో భూకంపమును జ్ఞాపకము చేయుదుము. కొరియావారు బావులలో విషము కలుపుచున్నారను వదంతి పుట్టగా, వీధివీధి పొరుగువారు కర్రలు, కత్తులు పూని రక్షకదళములుగా నేర్పడి వేలకొలది కొరియావారిని చంపిరి. వారును ఒకరినొకరు ఎరిగిన పొరుగువారే. ఎరుక వలయము చిన్నదై, వలయము వెలుపలివాడు శత్రువైనపుడు అదే ఐకమత్యము ఘోరకృత్యమైనది.

మన గ్రామములలో ఈ వలయము ఎచ్చటివరకు వ్యాపించియున్నది? ఊరు వేరు, పేట వేరు. పేట సాధారణముగా పల్లమున నుండును. నీరు మొదట వచ్చునది అచ్చటికే. గట్టిమేడలు ఊరిలో నుండును. తుపాను రాత్రి పేటవారు ఊరిమేడ తలుపు తట్టిన తెరచుకొనునా? తెరచుకొన్నను వంటయొక్క కుండ, నీటి బిందె ఒక్కటిగా నుండునా? 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పిమ్మట తమిళనాట నాగపట్టణము జిల్లాలో దళితులు సహాయశిబిరములలో వేరుపరుపబడిరని, నీటికి, ఆహారమునకు వెనుకకు నెట్టబడిరని పరిశీలకులు వెల్లడించిరి. సముద్రమునకు లేని భేదము శిబిరమునకు వచ్చినది! మన తీరమున ఇట్టిది లేదని గుండెమీద చేయివైచికొని చెప్పగలవారు చెప్పుదురు గాక, మేము చెప్పజాలము. ఆశ్రయభవనము ప్రభుత్వధనముతో కట్టినది. దాని తాళము ఎవరి యింట నుండునో ఆ యిల్లు ఏ వీధిలో నున్నదో ప్రతి పంచాయతియు విచారించుకొనవలయును. ఒక తాళపుచెవి పేటలో నుండుట న్యాయము. పల్లమువారు ముందు రావలసినవారు గదా.

వలసకూలీల మాటయు నిట్టిదే. ఇటుకబట్టీలకు, రొయ్యలచెరువులకు, కట్టడపు పనులకు ఒడిషానుండి, ఉత్తరదేశమునుండి వచ్చినవారు షెడ్లలో నుందురు. తెలుగు రాదు, దండోరా వారికర్థము కాదు, ఓటరు జాబితాలో లేరు గాన ఏ నాయకుడును వారిని లెక్కింపడు. గోడకూలి చచ్చిన పిమ్మట వారి పేర్లను వెదకుట మనకు పరిపాటియైనది.

'ఇదంతయు ప్రభుత్వము చేయవలసిన పని కాదా? పన్నులు కట్టుచున్నాము గదా?' యని యడుగువారు కలరు. వారి ప్రశ్న న్యాయమైనదే. కాలువగట్టు తెగకుండ చూచుట, ఆక్రమణలను తొలగించుట, ఆశ్రయభవనము కట్టుట, హెచ్చరిక చేయుట ప్రభుత్వధర్మములు. పొరుగువారు మంచివారని ప్రభుత్వము గట్టు మరమ్మతు మానినచో దానిని క్షమింపరాదు. ప్రజల ఓర్పును పొగడి తన లోపమును కప్పుకొను అధికారిని మేము చాలమందిని చూచితిమి. కాని తొలి కొన్ని గంటలలో ప్రభుత్వము రాజాలదన్నది నిందావాక్యము కాదు, భౌతికసత్యము. చెట్లు కూలిన రోడ్డుమీద ఏ ప్రభుత్వపు బండియు నడువదు.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సుమారు ఏబది యిండ్లకొకరు చొప్పున గౌరవవేతనముతో వాలంటీర్లను నియమించినది. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట ఆ యేర్పాటు కొనసాగలేదు. దాని మంచిచెడ్డలను గూర్చి రాజకీయపక్షములు వాదులాడుకొనుచున్నవి. ఆ వాదములో మేము ప్రవేశింపము. మాకు ముఖ్యమైన సంగతి యొక్కటే: వేతనముతో వచ్చిన పరిచయము వేతనముతోనే పోగలదు. కేంద్రప్రభుత్వము 2016లో ఆరంభించిన ఆపదమిత్ర పథకము క్రింద మొదట 30 జిల్లాలలో ఆరువేలమందికి, తరువాత 350 జిల్లాలలో లక్షమందికి శిక్షణ నిచ్చుటకు సంకల్పించిరి. మెచ్చదగినదే. కాని భారతదేశమున గ్రామములు ఆరులక్షలకు పైబడియున్నవి. ఆరు గ్రామములకొక మిత్రుడు!

బంగ్లాదేశము మనకంటె పేదదేశము. 1970 నవంబరు 12వ తేది భోలా తుపానులో అచ్చట మూడులక్షలకు తక్కువ కాకుండ జనులు నశించిరి. ఆ పిమ్మట రెండేండ్లకే రెడ్‌క్రాస్ సాయముతో ఊరూర స్వచ్ఛందసేవకుల దళము నేర్పరచిరి. జెండా, మెగాఫోను, చేతితో త్రిప్పు సైరను, సైకిలు - ఇవియే వారి సాధనములు. నేడు ఆ సేవకులు డెబ్బదివేలకు పైబడియున్నారు. అందు సగము స్త్రీలు. 1991 తుపానులో స్త్రీలు పురుషులకంటె చాల హెచ్చుగా మరణించుటను చూచి, పురుషుడు వచ్చి పిలిచిన గడప దాటుటకు సంకోచించువారిని పిలుచుటకు స్త్రీలే కావలెనని వారు గ్రహించిరి. 1991లో లక్షకు పైగా నున్న మృతులు 2007 సిద్ర్ తుపానునాటికి వేలలోనికి దిగిరి. మన పొరుగుననే ఒడిషాలో 1999 అక్టోబరు 29వ తేది మహాతుపానులో పదివేలకు చేరువగా జనులు నశింపగా, 2013 అక్టోబరు 12వ తేది ఫైలిన్ తుపానుకు ముందు పదిలక్షలమందిని కదలించి మృతులను పదులలోనికి తగ్గించిరి. 2020 ఆగస్టులో యునెస్కో సంస్థ సునామీ సంసిద్ధత గలవని గుర్తించిన ఒడిషా పల్లెలు రెండు: గంజాము జిల్లాలో వెంకటరాయపురము, జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో నోలియాసాహి. పేరులు వినినతోడనే పాఠకులు గ్రహించియుందురు. నోలియాలనగా తెలుగుదేశమునుండి పోయి ఆ తీరమున నిలచిన మన మత్స్యకారులే. పరరాష్ట్రమున మనవారు సాధించినది స్వరాష్ట్రమున మనకు దుర్లభమగునా?

కట్టుబాటుతో కదలుట ఆంధ్రులకు తెలియనిదని మేము ఒప్పుకొనము. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున చీరాల పేరాల ప్రజలు వేలాదిగా ఇండ్లు విడిచి, పురపాలకసంఘపు హద్దులు దాటి, రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. రామదండు వారికి బాసటయై నిలిచినది. పన్నుకొరకు ఊరు విడువగలిగిన జాతి ప్రాణముకొరకు ఒక రాత్రి విడువలేదా?

విడువకపోవుటకు కారణములు కలవు. అవి మూర్ఖత్వము కావు. పాలిచ్చు గేదెను కట్టుకొయ్యవద్ద విడిచి పోవుటకు మనసు రాదు. వల, పడవ జీవనాధారములు. ఇల్లు విడిచిన దొంగలు పడుదురను భయము కలదు. వెనుక రెండుమారులు పొమ్మనిరి, పోతిమి, తుపాను రాలేదు, కూలి పోయినది అను విసుగు కలదు. అధికారి వచ్చి గద్దించిన ఈ కారణములు తీరవు. 'నీ గేదెలను మా మెరక దొడ్డిలోనికి తోలుము. నీ యింటిని మా తమ్ముడు కనిపెట్టియుండును' అని చెప్పగల పొరుగువాడొకడే వీనిని తీర్చగలడు. ఆ మాట తుపాను రాత్రి పుట్టునది కాదు. గట్టు తగవులలో, నీటి తూముల కొట్లాటలలో, యెన్నికల పక్షపాతములలో మాటలు మానివేసిన రెండిండ్లు ఎర్రజెండా చూచినంతమాత్రమున కలిసిపోవు. ఇల్లు తగులబడుచుండగా బావి త్రవ్వుటను గూర్చి మనవారు చెప్పు సామెతకు ఇంతకంటె తగిన సందర్భము మాకు తోచదు.

చేయదగిన పనికి పెద్దసొమ్ము అక్కరలేదు. క్రొత్తసంఘమును స్థాపించి అధ్యక్షునికై తగవులాడవలసిన పనియు లేదు. తెలుగునాట డ్వాక్రా సంఘములు వాడవాడల నున్నవి. పది పదిహేనుమంది స్త్రీలు నెలనెలా కూడి పొదుపుసొమ్ము లెక్కించుకొనుచున్నారు. ఒకరి యింటి కష్టము మరియొకరికి తెలిసిన సంఘములివి. ఆ సమావేశమున అరగంట అధికముగా కూర్చుండి, ఒక వీధికి ఒక కాగితము వ్రాసికొనవలయును: నడువలేనివారెవరు, నెలలు నిండినవారెవరు, నిత్యము మందు కావలసినవారెవరు, నిచ్చెన ఎవరియింట, మోకు ఎవరియింట, పడవ ఎవరిది, ట్రాక్టరు ఎవరిది, ఈతగాడెవడు, ఆశ్రయభవనపు తాళము ఎవరియొద్ద. ఎవరిని ఎవరు చేయిపట్టి తీసికొని రావలయునో పేరుతో వ్రాయవలయును. 'అందరును అందరిని చూచెదరు' అని వ్రాసిన కాగితము ఎవ్వరిని చూడదు. ఆ కాగితము కంప్యూటరులో గాక గోడకు అంటించి యుండవలెను. కరెంటు పోయిన రాత్రి లాంతరు వెలుగున చదువుటకు వీలగును. ఐతే రోగుల వివరములు వీధిగోడకెక్కుట కొందరికి రుచింపదు. అట్టివానిని సంఘమునందలి ఇద్దరు నమ్మకస్థులయొద్ద నుంచుట మేలు.

జపానువారు 1923 భూకంపదినమగు సెప్టెంబరు 1వ తేదీని 1960నుండి దేశమంతట అభ్యాసదినముగా పాటించుచున్నారు. బాలురు మొదలు ప్రధానమంత్రివరకు ఆనాడు అభ్యాసములో పాల్గొందురు. మనము నవంబరు 19వ తేదీన దివిసీమ మృతులకు పుష్పమాల లర్పించుచున్నాము, ఉపన్యాసములు వినుచున్నాము. మాలలు వలదని మేమనము. కాని తుపానుల ఋతువు అక్టోబరుతో నారంభమగుచున్నది; 2025 అక్టోబరు 28వ తేది రాత్రియే మొంథా తుపాను మచిలీపట్టణ కళింగపట్టణముల నడుమ తీరము దాటినది. కాన సెప్టెంబరు చివరి ఆదివారమున తీరజిల్లాల గ్రామసభలు ఒకపూట అభ్యాసము జరుపవలెనని మా సూచన. ఊరు, పేట కలిసి నడచి ఆశ్రయభవనము చేరుటకు ఎంతసేపు పట్టినదో గడియారము చూచి వ్రాయుడు. ముసలివారిని మంచముతో నెత్తి తెండు. పశువులను మెరకకు తోలుడు. భవనములో మరుగుదొడ్డికి తలుపున్నదో లేదో, స్త్రీలకు వేరుచోటు కలదో లేదో, నీటితొట్టి నిండునో కారునో చూడుడు. వంట ఒక్క పొయ్యిమీద జరుగనిండు. ఊరును పేటయు ఒక్క పంక్తిని కూర్చుండి భుజింపుడు. తాళము తుప్పుపట్టి తెరచుకొనకున్న యెడల ఆనాడే సుత్తితో పగులగొట్టి క్రొత్తది వేయింపుడు. రెండు తాళపుచెవులు చేయించి, ఒకటి పేటలో నిచ్చి, ఎవరియొద్ద నున్నదో తలుపుమీద రంగుతో వ్రాయింపుడు.